మా అమ్మ ఎవుసాన్ని మేం రాసుకున్న ఏడాది

మనిషి చనిపోయినప్పుడు నింపే నమోదు ఫారంలో మృతుల వృత్తి అని ఒక గడి ఉంటుంది. వృత్తి ఏమీ లేకపోతే ‘లేదు’ అని రాయాలని పక్కనే సూచన కూడా ఉంటుంది. 2024 మాఘమాసంలో అమ్మ హైదరాబాదులో ఆస్పత్రిలో ఉండగానే పోయింది. ఫారం అన్నయ్య నింపాడు. కండ్లు తుడుచుకుంటూనే ఆ గడిలో ‘గృహిణి’ అని రాశాడు. అన్నయ్యది తప్పేం లేదు, మా వైపు ఏ కొడుకైనా అదే రాస్తాడు. ఆ వివరం గణాంకాల కోసం విడిగా పోతుంది. మీసేవలో మన చేతికిచ్చే మరణ ధ్రువపత్రం మీద వృత్తి అనే ముచ్చటే ఉండదు.

దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయాక కూడా నాకు ఆ గడే గుర్తొచ్చేది. పదిహేడేండ్లకు నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఒక మెట్ట ఊరికి కోడలిగా వచ్చి, మోకాళ్లు ఇక లేవలేమనేదాకా విత్తనంలో, కలుపులో, కల్లంలో బతికిన మనిషి. ఆమె చేసిన పని ఎక్కడా రాసి లేదు. అందుకే సంవత్సరీకం నాటికి అమ్మ మీద చిన్న పుస్తకం వేద్దామన్నాను. అన్నయ్య వెంటనే సరేనన్నాడు. అక్క మాత్రం, “రాయనీకి ఏమున్నదే? పొద్దుగాల లేచింది, పని చేసింది, మనల్ని సాదింది, గంతే గదా” అంది. ఆ ‘గంతే’లో ఏముందో తెలుసుకోవడానికి ఏడాది పట్టింది. అదెలా చేశానో ఇక్కడ రాస్తున్నాను, ఇంకెవరైనా వాళ్ల అమ్మ గురించి రాసుకోవాలనుకుంటే పనికొస్తుందని.

మొదట తేల్చాల్సి వచ్చింది తేదీలు. ఆధార్‌లో అమ్మ పుట్టినరోజు జనవరి 1. ఆ తరం పల్లెటూరి మనుషుల్లో చాలామందికి అదే తేదీ వేశారు. తేదీలు అడిగితే పెద్దవాళ్లకు తెలియదు, కానీ ఊరంతా గుర్తుపెట్టుకున్న సంగతి ఒకటి పక్కన పెట్టి అడిగితే ఠక్కున చెప్తారు. అమ్మమ్మ బతికున్నప్పుడు, “రజాకార్ల లొల్లి సల్లవడ్డ ఏడేండ్లకు మీ అమ్మ పుట్టింది” అనేది. పోలీస్ యాక్షన్ 1948 సెప్టెంబరులో జరిగింది కాబట్టి అమ్మది 1955. పెండ్లి డెబ్బై రెండు కరువులో. అక్క వయసు బడి రికార్డులో ఒకటుంది, అసలుది వేరే. మేనత్తను అడిగితే, “గ్రహణం నాడు మీ అమ్మ ఆరో నెల కడుపుతోటి ఉండె, మేమే తలుపేసి కదలకుంట పండవెట్టినం” అని చెప్పింది. ఆ గ్రహణం 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం. దాని నీడ పాలమూరు, నల్లగొండల మీదుగానే పోయింది. ఇబ్రహీంపట్నం దగ్గరి జాపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దుర్భిణులు పెట్టుకుని చూసిన గ్రహణమే అది. పొద్దు గూకకముందే చీకటైందని ఊళ్లో ఇప్పటికీ చెప్తారు. అట్లా అక్కకు నలభై దాటాక అసలు పుట్టిన నెల దొరికింది.

అంతకుముందు ఏడు, 1979 జులైలో, స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం మీద పడుతుందని భయపడి మా ఊళ్లో కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్నారట. వానలు ఆలస్యమై ఇంకా ఆముదాలు పెట్టలేదు. విత్తనాలు కూడా అమ్మి ఆ పూటకు బియ్యం తెచ్చుకుందామని ఇంట్లో ఎవరో అంటే అమ్మ ఒప్పుకోలేదట. “పడితే అందరం పోతం. పడకపోతే ఏం ఇత్తుతం?” అందట. ఇరవై నాలుగేండ్ల కోడలు అత్తమామల ముందు అన్న మాట. మేనత్త ఇప్పటికీ దాన్ని నవ్వుతూ తలుచుకుంటుంది.

తర్వాత అమ్మ ట్రంకు పెట్టె తెరిచాం. రేషన్ కార్డులు, ఓటరు కార్డు, పొదుపు సంఘం పుస్తకం, బోరు మోటరు రసీదులు, ఆస్పత్రి కాగితాలు. పట్టాదారు పాసుపుస్తకం పాతది నాయిన పేరు మీద. వీటన్నిటి కింద ఒక గుడ్డసంచిలో పాలకేంద్రం కార్డులు కట్టకట్టి ఉన్నాయి. పూట పూటకు ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత, లెక్క రాసిన అట్ట కార్డులు. వాటిని అమ్మ ఎందుకు దాచిందో మాకు మొదట అర్థం కాలేదు. ఆమె చదువుకోలేదు కానీ అంకెలు బాగా వచ్చు. అక్కా నేనూ మా బీఎన్ రెడ్డి నగర్ ఇంట్లో నేల మీద వాటిని ఏడాదివారీగా పరిచాం. ప్రతి దసరాకూ, సంక్రాంతికీ, ఎండాకాలం సెలవులకూ సాయంత్రం పాలు సగానికి పడిపోయాయి. తారీఖులు చూసుకుంటే మేం హాస్టళ్ల నుంచి ఇంటికెళ్లిన రోజులు. ఆ పూట పాలు మా కోసం ఇంట్లోనే ఉండిపోయాయి. సెలవులు అయిన మరునాడే అంకె మళ్లీ పైకెక్కింది. అమ్మ మా మీద పెట్టుకున్న ప్రాణానికి ఇంతకన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదు. ఆ కార్డుల్లో రెండింటిని పుస్తకంలో ఫొటో తీసి వేశాం.

కాగితాలు అక్కడితో అయిపోయాయి. ఇక మనుషులు.

ఇక్కడ నాకు తెలిసొచ్చిన ముఖ్యమైన సంగతి చెప్తాను. రైతు ఇంటి తల్లి జీవితం రాయాలంటే పిల్లల దగ్గర మొదలుపెడితే సగమే దొరుకుతుంది. మేం చూసిన అమ్మ చేను నుంచి ఇంటికొచ్చాక మిగిలిన అమ్మ. తెల్లారి నుంచి పొద్దు గూకేదాకా ఉన్న అమ్మను చూసింది ఆమె పక్కన మునుం పట్టిన ఆడవాళ్లు. కలుపు తీసేటప్పుడు, కోతల్లో ఒక వరుసగా నిలబడి ముందుకు పోతారు కదా, ఆ వరుస మునుం. ఆ ఆడవాళ్లంతా ఇప్పుడు ఎక్కడున్నారని వెతికితే, ఊళ్లో ఉన్నది కొందరే. మిగతావాళ్లు హైదరాబాదులోనే, మా ఇంటి చుట్టుపక్కలే ఉన్నారు. సాగర్ రోడ్డు మీదుగా వచ్చిన ఊళ్లన్నీ ఎల్బీ నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్‌లలోనే ఆగాయి. ఒకామె కొత్తపేటలో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇంట్లో ఉంటుంది. ఒకామె హయత్‌నగర్‌లో కొడుకు దగ్గర, అతను క్యాబ్ నడుపుతాడు. సరూర్‌నగర్‌లో ఒక పెద్దమ్మ మనవళ్లను చూసుకుంటోంది.

“మా అమ్మ ఎట్లాంటిది?” అని అడిగితే అందరూ ఒక్కటే చెప్తారు, దేవతసొంటిదని. కండ్ల నీళ్లు పెట్టుకుంటారు, అక్కడితో మాట ఆగుతుంది. అందుకని చిన్న చిన్నవి అడిగాను. పొద్దున ఎన్ని గంటలకు బయలుదేరేవాళ్లు? సద్దిలో ఏముండేది? చంటిపిల్లను ఎక్కడ పండబెట్టేది? కూలి డబ్బులు ఎవరి చేతికి వచ్చేవి? ఎండకు ఎక్కడ కూర్చునేవాళ్లు? అప్పుడు గంటల తరబడి చెప్పారు. ఇంకొకటి, చేతిలో పని ఉంటేనే వాళ్లకు మాట వస్తుంది. ఫోన్ రికార్డర్ పెట్టి ఎదురుగా కూర్చుంటే బిగుసుకుపోయిన పెద్దమ్మ, చిక్కుడుకాయలు ముందు పోసుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టగానే చేనులోకి వెళ్లిపోయింది. నేనూ ఈనెలు తీస్తూ విన్నాను. ఫోన్ పక్కన గిన్నె చాటున పెట్టాను, ఆమెకు చెప్పే.

“నీకు నాలుగు నెలలప్పుడు చింతచెట్టుకు చీర కట్టి అండ్ల ఏసేది. మునుం ఆ చెట్టు దిక్కు మళ్లినప్పుడల్లా ఒకసారి పాలిచ్చి వస్తుండె. నీ ఏడుపు ఇనవడితే మేమే కొంచెం జోరు పెంచేటోళ్లం, మీ అమ్మ జల్ది చెట్టు కాడికి పోవాలె గదా” అంది పెద్దమ్మ. నాకు పాలిచ్చేందుకు ఒక వరుస ఆడవాళ్లంతా చేతులు వేగం చేశారు. ఇది నాకు అమ్మ ఎన్నడూ చెప్పలేదు. ఆమెకు అది చెప్పుకునేంత సంగతి అనిపించి ఉండదు.

హయత్‌నగర్ అక్క చెప్పింది మాత్రం మాలో ఎవరికీ తెలియదు. అమ్మ విత్తనం చెయ్యి గురించి.

ట్రాక్టర్లు రాకముందు మా వైపు జొన్నను ఎడ్లు లాగే గొర్రుతోనే విత్తేవాళ్లు. గొర్రు మీద జడ్డిగం అనే కొయ్య గిన్నె ఉంటుంది. దాని అడుగున గొర్రుకు ఎన్ని పండ్లుంటే అన్ని రంధ్రాలు, ఒక్కో రంధ్రం నుంచి ఒక వెదురు గొట్టం సాలులోకి దిగుతుంది. గొర్రు తోలేది మగవాళ్లు, జడ్డిగంలో విత్తనం పోసేది ఆడవాళ్లు. ఎడ్ల నడకతో సమానంగా నడుస్తూ, పిడికిలి కొద్దికొద్దిగా వదులు చేస్తూ, అన్ని రంధ్రాలకూ సమంగా పడేట్టు పోయాలి. చెయ్యి ఆగితే సాలు ఖాళీ, చెయ్యి జారితే మొలక ఒకచోటే గుబురు. ఒక్కసారి మట్టి కప్పాక ఏమీ చేయలేం, మొలిచాకే బయటపడుతుంది. గొర్రు వెనక తాడుతో ఇంకో గొట్టం కట్టి దాంట్లో కంది విడిగా పోస్తారు, జొన్న సాళ్ల మధ్య కంది సాలు రావాలని. అది ఇంకొకామె పని. అమ్మ ఈ రెండింట్లోనూ ఆరితేరిందట. మృగశిర కార్తెలో తొలకరి పడితే మూడు నాలుగు ఇండ్ల వాళ్లు అమ్మ కోసం వచ్చేవాళ్లట.

“మా ఇంటాయన రెండొద్దులు ఆగిండు, మీ అమ్మ తీరువడితే గని ఇత్తనం పెట్టనని. పదును ఆరిపోతదని నేను మొత్తుకున్నా ఇనలే. ఆమె చెయ్యి పడ్డ సాలు దారం పెట్టి గీసినట్టు మొలుస్తుండె.” ఇది చెప్తూ అక్క లేచి, డబ్బాలోంచి పిడికెడు బియ్యం తీసుకుని, పొయ్యి దగ్గర నుంచి కిటికీ దాకా నడుస్తూ చూపించింది. బొటనవేలు ఎట్లా కదలాలో, మణికట్టు ఎట్లా తిప్పాలో. గచ్చు మీద బియ్యం గింజలు దాదాపు ఒకే ఎడంలో పడ్డాయి. “నాకు నేర్పింది మీ అమ్మనే” అంది.

విత్తనం దాచడం కూడా అమ్మ చేతి మీదుగానే జరిగేది. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం, జొన్నల్లో వేపాకు కలపడం, ఏ కంకి విత్తనానికి ఆపాలో కల్లంలోనే ఏరి పక్కన పెట్టడం. ఇవి మాకు ఇంటిపనుల్లాగే కనిపించాయి, ఎందుకంటే ఇంటి వాకిట్లోనే జరిగేవి. వచ్చే ఏటి పంట మొత్తం వాటి మీదే నిలబడి ఉంది.

ఆముదాల ముచ్చట కొత్తపేట అక్క చెప్పింది. “పాత ఆముదాలు ఉగాది దాకా కోస్తనే ఉంటిమి. అరుణ ఆముదాలు వచ్చినంక కార్తీకంలనే అయిపోతుండె” అంది. ఆ అరుణ గురించి తర్వాత చదివాను. హెచ్‌సీ-6 అనే పాత రకం విత్తనాలను న్యూట్రాన్లకు గురిచేసి, 270 రోజుల పంటను 120 రోజులకు తగ్గించారు. పంట ముందే చేతికి రావడంతో అమ్మకు విశ్రాంతి దొరికిందేమో అనుకున్నాను. అక్క కాదంది. మిగిలిన నెలల్లో ఆడవాళ్లంతా కైకిలికి, అంటే కూలికి, మిర్యాలగూడ వైపు నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద నాట్లకు పోయేవాళ్లట, అమ్మ కూడా. 1967లో ఇందిరాగాంధీ నీళ్లు వదిలిన కాలువ. డ్యాం మాకు దగ్గర, నీళ్లు మాకు దూరం. సొంత భూమి ఉన్న ఇంటి కోడలు కైకిలికి పోవడం నాయినకు నామోషీగా ఉండేదట. అమ్మ ఆ డబ్బుతోనే అన్నయ్యను దేవరకొండలో హాస్టల్లో వేసింది.

బోరు పడ్డాక బత్తాయి తోట పెట్టారు. అక్కడి నుంచి నా సొంత జ్ఞాపకాలు మొదలవుతాయి కాబట్టి పుస్తకంలో ఆ భాగం నేనే రాశాను. కాయ లారీకెత్తితే రాత్రంతా ప్రయాణం చేసి కొత్తపేటలోని గడ్డిఅన్నారం మార్కెట్‌కు తెచ్చేవాళ్లు. ఆ మార్కెట్ ఇప్పుడు బాటసింగారం పోయింది, ఆ జాగాను పెద్ద ఆస్పత్రికి ఇచ్చారు. తెల్లవారుజామున వేలం. నాయిన కమీషన్ ఏజెంటు దగ్గర లెక్క చూసుకుంటుంటే అమ్మ కాయల కుప్ప దగ్గరే కూర్చునేది, గ్రేడు తీసేవాళ్ల చేతులు చూస్తూ. నేనప్పుడు కోఠి ఉమెన్స్ కాలేజీలో చదువుతున్నాను. వేలం అయ్యాక అమ్మ బస్సెక్కి కోఠికి వచ్చేది. సంచిలో వేలంలో పోని చిన్న కాయలు, జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం. గేటు లోపలి చెట్టు కింద కూర్చుని నేను తినేదాకా చూసి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయేది. కాలేజీ గురించి ఒక్కటే అడిగేది, “నీళ్లు మంచిగున్నయా?” అని. ఫ్లోరైడ్ నీళ్లు తాగే జిల్లా నుంచి వచ్చిన మనిషికి అదే మొదటి ప్రశ్న.

2002 నుంచి వరసగా కరువు. బోరు ఎండిపోయింది. నల్లగొండ జిల్లాలో ఎంతోమంది ట్యాంకర్లు పెట్టి బత్తాయి చెట్లను కాపాడుకున్నారు. మేమూ పెట్టాం. కానీ ట్యాంకరు నీళ్లు అన్ని చెట్లకూ చాలవు. ఏ చెట్టును బతికించాలి, దేన్ని వదిలేయాలి అన్నది అమ్మే తేల్చిందట. తోట అంతా తిరిగి, కొమ్మ గిల్లి చూసి, బతికే చెట్లకు పాత చీర పీలికలు కట్టింది. పీలిక ఉన్నదానికే బిందె. పీలిక లేని చెట్ల వైపు నాయిన చూడలేకపోయేవాడట. పాలికి పెట్టుకున్న మనిషి ఇది మాకు ఫోన్లో చెప్పాడు, చెప్తూ మధ్యలో ఆగిపోయాడు. తోటలో ఇప్పుడు మిగిలిన చెట్లన్నీ అప్పుడు పీలిక కట్టినవే.

నాయిన 2013లో పోయాక విరాసత్ అయి భూమి అమ్మ పేరుకు మారింది. 2018 మే నెలలో రైతుబంధు మొదలైనప్పుడు, ఎకరానికి 4,000 చొప్పున తొలి విడత చెక్కుల రూపంలో ఇచ్చారు. అమ్మ కొత్త పాసుపుస్తకం, చెక్కు రెండూ చేతిలో పట్టుకుని పంచాయతీ ఆఫీసు ముందు నిలబడ్డ ఫొటో ఒకటుంది. అరవై దాటాక సర్కారు కాగితం మీద ఆమె రైతు అయింది. రైతుబీమా 59 ఏండ్ల వరకే కాబట్టి అందులోకి రాలేదు.

ముఖచిత్రం దగ్గర ఇంట్లో గట్టి చర్చే జరిగింది. ఫొటో స్టూడియో వాళ్లు అమ్మ ముఖాన్ని తీసి పట్టుచీర, నగలు ఉన్న శరీరానికి అతికించి ఇచ్చారు. ఇప్పుడు అందరూ అట్లాగే చేయించుకుంటున్నారు. అన్నయ్యకు అది నచ్చింది. “బతికినప్పుడు తొడగలేదు, ఇప్పుడన్నా చూసుకుంటం” అన్నాడు. ఆ మాటలో ఉన్న బాధ నాకు తెలుసు. ఆ ఫొటో ఇంట్లో దండ వేసి పెట్టాం. పుస్తకం మీదికి మాత్రం చెక్కు ఫొటోనే తీసుకున్నాం. నేత చీర, కొంగు బొడ్లో దోపుకుని, ఎండకు కండ్లు చిట్లించి చూస్తున్న అమ్మ. కింద పేరు, దాని కింద ‘రైతు’, దాని కింద 1955–2024.

అచ్చు చిక్కడపల్లిలో వేయించాం. ఒక మాట చెప్పాలి. ఫోన్లో టైపు చేసింది ప్రెస్ వాళ్లు వాడే ‘అను’ ఫాంట్లలోకి మార్చేటప్పుడు వత్తులు చెదిరిపోతాయి. అదొక్కటే అయితే సరిచేసుకోవచ్చు. పల్లె మాటలు తెలియని కుర్రాడు ‘మునుం’ను ‘మునుపు’ అని, ‘సద్ది’ని ‘సర్ది’ అని మార్చేస్తాడు, మంచి చేస్తున్నాననుకునే. అందుకని ప్రూఫును కండ్లతో చూడకుండా పైకి చదివించుకున్నాం. మేనకోడలు చదివింది, అక్క విన్నది. చెవికి తప్పు వెంటనే తగిలింది.

సంవత్సరీకం ఊళ్లోనే చేశాం. అది అయ్యాక వచ్చిన ఆదివారం మునుం వాళ్లందరినీ వనస్థలిపురంలో ఒక చిన్న హాలుకు పిలిచి భోజనాలు పెట్టాం. వాళ్లలో చదవగలిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. అందుకని మేనకోడలు మైకు లేకుండా మధ్యలో కూర్చుని పుస్తకం మొత్తం చదివింది. చింతచెట్టు దగ్గర అందరూ నా వైపు చూశారు. పీలికల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. జడ్డిగం దగ్గరికి వచ్చేసరికి హయత్‌నగర్ అక్క చెయ్యెత్తి ఆపింది. “గట్ల కాదు బిడ్డా. కంది గొట్టం ఎనకామె చేతిల ఉంటది, జడ్డిగం కాడ ఉన్నామె చేతిల కాదు. నువ్వు రెండు కలిపి రాసినవ్” అంది. కాదు, ముందు ఎడ్లు నెమ్మదిగా ఉంటే ఒకామే రెండూ చేసేదని సరూర్‌నగర్ పెద్దమ్మ. మీ అమ్మ చేసేది, అందరికీ చేతకాదు అని ఇంకొకామె. ఆ వాదం పాయసం చల్లారేదాకా సాగింది. స్కైలాబ్ ఏడు విత్తకుండా ఉన్నది ఆముదాలు కావు, ఉలవలని కూడా తేలింది.

అవన్నీ రాసుకున్నాను. మరి కొన్ని ప్రతులు వేయాల్సి ఉంది, మా ఊరి బడికి ఇవ్వాలి. ఈలోగా జడ్డిగం పేజీ మళ్లీ రాయాలి. హయత్‌నగర్ అక్క ఇంటికి రమ్మంది, ఇంకోసారి నడిచి చూపిస్తానని. మేనకోడలు బొమ్మలు బాగా వేస్తుంది, దాన్ని కూడా తీసుకుపోతున్నాను, చెయ్యి పట్టు గీసుకోవడానికి.